ఫ్లూ మొదటి వారం రక్తంలో కనిపించదు

వానలు మొదలయ్యాక హనుమకొండ, వరంగల్ ల్యాబుల్లో జరం కాగితాలన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. సీబీపీ (రక్తకణాల లెక్క), వైడాల్ (టైఫాయిడ్ పరీక్ష), మలేరియా, డెంగీ ఎన్‌ఎస్‌1 (వైరస్ ప్రోటీన్), డెంగీ ఐజీఎం (తొలి రకం యాంటీబాడీ), సీఆర్‌పీ (వాపు సూచిక). రెండో రోజో మూడో రోజో ఇవన్నీ చేయిస్తే చాలాసార్లు తేలేది ఒకటే: లింఫోసైట్లు (జబ్బుతో పోరాడే ఒక రకం తెల్లకణాలు) తగ్గినయ్, మిగతావన్నీ నెగెటివ్. అది చూసి "ఇమ్యూనిటీ పడిపోయింది" అని తీర్పు. వెనకనే రెండు సెలైన్లు, ఒక మల్టీవిటమిన్ సూది, ఐదు రోజుల యాంటీబయాటిక్. ఆ జరం ఇన్‌ఫ్లుయెంజా, అంటే ఫ్లూ అయితే ఆ తీర్పు తలకిందులు. లింఫోసైట్లు రక్తంలో కనబడకపోవడానికి అవి పనిలోకి దిగడమే కారణం కావచ్చు.

ఫ్లూ సోకిన మొదటి వారంలో బి కణాలు, అంటే యాంటీబాడీలు తయారుచేసే లింఫోసైట్లు, చేసే పని దాదాపు అంతా ఊపిరితిత్తుల దగ్గరి లింఫ్ గ్రంథుల్లో జరుగుతుంది. మనం కొలిచేదేమో చేతి నరంలోంచి తీసిన రక్తం. ఈ తేడాను పట్టించుకోనందువల్లే తప్పు పరీక్ష రాస్తాం, తప్పు సూది వేస్తాం, టీకాను తప్పు నెలలో వేయించుకుంటాం. "ముందు సహజ రక్షణ, వారం దాటాక బి కణాలు, యాంటీబాడీలు" అని పాఠ్యపుస్తకాలు గీసే రెండు గడుల బొమ్మకూ ఈ పొరపాటులో వాటా ఉంది. బి కణం వారం ఆగి రాదు. మొదటి రోజు నుంచే ఉంటుంది, కాకపోతే మనం చూడని చోట.

ఇన్‌ఫ్లుయెంజా మామూలుగా రక్తంలో తిరిగే వైరస్ కాదు. ముక్కు, గొంతు, శ్వాసనాళాల లోపలి పొర కణాల్లో పెరిగి, గాలి తగిలే వైపు నుంచే బయటికి మొలుస్తుంది. డెంగీ వైరస్ రక్తంలో ఉంటుంది కాబట్టి ఎన్‌ఎస్‌1కు రక్తం పనికొస్తుంది. ఫ్లూకు ఆ దారి లేదు. వైరస్ ముక్కలు, వాటిని మోసుకొచ్చే డెండ్రైటిక్ కణాలు ఊపిరితిత్తుల లింఫ్ నాళాల గుండా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఛాతీ మధ్యలోని గ్రంథులకు చేరతాయి. కాలికి ముల్లు గుచ్చుకుని పుండైతే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా. అలాంటి బిళ్లలే గాలిగొట్టం చుట్టూ కూడా ఉన్నాయి, చేతికి తగలవు అంతే. ఫ్లూ జరంలో అవి కూడా ఉబ్బుతాయి. ఎలుకలో సాధారణంగా వెతికితే తప్ప దొరకనంత చిన్నవి, వైరస్ ఇచ్చిన వారానికి ఎన్నో రెట్లు పెరిగి కంటికి స్పష్టంగా కనిపిస్తాయి.

ఆ గ్రంథిలో మొదటి 48 గంటల్లో జరిగేదాన్ని 2006లో ఇమ్యునాలజిస్టు నికోల్ బామ్‌గార్ట్ బృందం ఎలుకల్లో చూపించింది. వైరస్ సోకిన చోట పుట్టే టైప్-1 ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ ఆ ప్రాంతపు గ్రంథిలోని బి కణాలను నేరుగా తడుతుంది. దాంతో వాటి మీద సీడీ69, సీడీ86 అనే గుర్తులు లేస్తాయి. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఫ్లూను గుర్తుపట్టే బి కణాలే కాదు, ఆ గ్రంథిలో ఉన్న బి కణాలన్నీ దాదాపుగా మేల్కొంటాయి. రెండు, దూరపు గ్రంథుల్లోని బి కణాల్లో ఈ మార్పు కనిపించదు. అంటే ఇది ఒంటికంతా మోగే గంట కాదు, ఆ ఒక్క చోటుకే పరిమితం.

సీడీ69 పని కేవలం గుర్తుగా నిలబడటం కాదు. లింఫోసైటు గ్రంథిలోంచి తిరిగి రక్తంలోకి రావాలంటే ఎస్‌1పీ1 అనే గ్రాహకం కావాలి. సీడీ69 దాన్ని కణం ఉపరితలం నుంచి లోపలికి లాగేస్తుంది. దారి మూసుకుపోతుంది. లోపలికి వచ్చేవి వస్తూనే ఉంటాయి, బయటికి పోయేవి ఆగిపోతాయి. ఇది కూడా 2006లోనే ఎలుకల్లో తేలిన సంగతి. రెండింటినీ కలిపి చూస్తే జరం రెండో రోజు సీబీపీలో లింఫోసైట్లు ఎందుకు తగ్గుతాయో చాలావరకు అర్థమవుతుంది. మిర్చి సీజన్‌లో ఊళ్లోని ట్రాలీ ఆటోలన్నీ ఎనుమాముల యార్డులో ఉంటే, చౌరస్తాలో నిలబడి "వరంగల్‌లో ఆటోలే లేవు" అన్నట్టుంటుంది ఆ రిపోర్టు చదివే పద్ధతి.

దీనికి ఒక హద్దు ఉంది. ఆక్సిజన్ మీద ఉన్న రోగిలో లింఫోసైట్లు రోజుల తరబడి కిందనే ఉండిపోతే అది ప్రమాద సూచనే, దాన్ని డాక్టరు పట్టించుకోవాలి. నేను మాట్లాడుతున్నది నడుచుకుంటూ ల్యాబుకు వచ్చిన మనిషి మూడో రోజు రిపోర్టు గురించి. అందులో తగ్గిన లింఫోసైట్లకు సెలైన్ మందు కాదు.

పుట్టుకతో ఉన్న ఐజీఎం

వైరస్ రాకముందే రక్తంలో కొంత ఐజీఎం ఉంటుంది. ఏ సూక్ష్మజీవీ తగలకుండా పెంచిన ఎలుకల్లో కూడా ఉంటుంది. దాన్ని సహజ ఐజీఎం అంటారు. ఎలుకల్లో అందులో ఎక్కువ భాగం బి-1 అనే ప్రత్యేక బి కణాల నుంచి వస్తుంది. ఈ కణాలు ఊపిరితిత్తుల చుట్టూ ఉండే ప్లూరా కుహరంలో, పొట్ట కుహరంలో కాపురం ఉంటాయి. మనుషుల్లో వీటికి సరిజోడు కణం ఏదన్న దానిమీద ఇమ్యునాలజిస్టుల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. కాబట్టి కింద చెప్పేది ఎలుక లెక్కగానే చదవాలి.

ఒక్కో ఐజీఎంకు ఐదు జతల చేతులు, మొత్తం పది పట్టులు. ఒక్కో పట్టు బలహీనమే. కానీ ఫ్లూ వైరస్ మీద హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ కొమ్ములు వందల్లో దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి, పది బలహీనమైన పట్టులు కలిసి గట్టిగానే పట్టుకుంటాయి. దానికి రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు తోడైతే వైరస్ కణాలు గుంపులుగా అతుక్కుని పనికిరాకుండా పోతాయి. ఐజీఎం చాలా పెద్ద అణువు, తర్వాత వచ్చే ఐజీజీ రకం యాంటీబాడీకి ఆరు రెట్లకు పైగా బరువు. అందుకని రక్తంలోంచి ఊపిరితిత్తిలోకి ఊరికే జారదు. మోసుకెళ్లే గ్రాహకం ఉండాలి, లేదా దగ్గర్లోనే తయారవ్వాలి.

దగ్గర్లోనే తయారవుతుంది కూడా. ఫ్లూ సోకగానే ప్లూరాలోని బి-1 కణాలు ఛాతీ గ్రంథిలోకి చేరి అక్కడ ఐజీఎం వదలడం మొదలుపెడతాయి. అవి వచ్చింది ఫ్లూ ముక్కను గుర్తుపట్టి కాదు, ఇంటర్‌ఫెరాన్ పిలిస్తే వచ్చాయి. రక్తంలో మొత్తం ఐజీఎం కొలిస్తే ఆ మార్పు కనిపించదు. గ్రంథిని తీసి చూస్తే కనిపిస్తుంది.

ఇది అలంకారమా, అవసరమా? 2000లో బామ్‌గార్ట్ బృందమే బి-1 కణాలు మాత్రమే ఐజీఎం వదలగల ఎలుకలను, మామూలు బి కణాలు మాత్రమే వదలగల ఎలుకలను విడివిడిగా తయారుచేసి ఫ్లూ ఇచ్చింది. రెండు రకాల ఐజీఎం ఉన్న ఎలుకలంత బాగా ఏ ఒక్క రకమున్నవీ తట్టుకోలేదు. ఒకదాని లోటును మరొకటి పూడ్చలేదు. ముందే ఉన్న ఐజీఎం, కొత్తగా పుట్టే ఐజీఎం వేర్వేరు పనులు చేస్తున్నాయన్నమాట. "ఐజీఎం అంటే ఐజీజీ వచ్చేదాకా సర్దుబాటు" అనే మాట ఇక్కడ నిలవదు.

తొందరగా చేసేది నాసిరకమేనా

వైరస్‌ను గుర్తుపట్టే కొత్త బి కణాలు లక్షల్లో కొన్ని మాత్రమే. అవి గ్రంథిలో వైరస్ ముక్కను పట్టుకుని, లోపలికి మింగి, టి కణానికి (బి కణానికి తోడ్పడే మరో రకం లింఫోసైటు) చూపించి, విభజన మొదలుపెడతాయి. అప్పుడు వాటి ముందు రెండు దారులుంటాయి. ఒకటి, గ్రంథిలో బి కణాల గూడైన ఫాలికిల్ బయటికి వెళ్లి వెంటనే ప్లాస్మాబ్లాస్టులుగా మారి యాంటీబాడీ కుమ్మరించడం. రెండోది, ఫాలికిల్ లోపల జెర్మినల్ సెంటర్ కట్టి, జన్యువులో చిన్నచిన్న మార్పులు చేసుకుంటూ, బాగా అతికేవాటిని ఏరుకుంటూ వారాల తరబడి మెరుగవడం. ఎలుకల్లో మొదటి దారి నాలుగైదు రోజులకే కనిపిస్తుంది, వారం నుంచి పది రోజుల మధ్య శిఖరానికి చేరుతుంది. జెర్మినల్ సెంటర్లు గట్టిగా నిలబడేది రెండో వారంలోనే.

ఎలుక మొదటి సారి వచ్చిన ఫ్లూను వదిలించుకునేది సుమారు 8 నుంచి 10 రోజుల్లో. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. జెర్మినల్ సెంటర్ ఊపందుకునేసరికి ఆ ఇన్‌ఫెక్షన్ ముగింపుకొచ్చేస్తోంది. కాబట్టి ఈసారి జబ్బుకు పనికొచ్చే కొత్త యాంటీబాడీ దాదాపు మొత్తం ఫాలికిల్ బయటి దారిదే. జెర్మినల్ సెంటర్ కష్టమంతా వచ్చే సారి కోసం. టీకా పరిశోధనలో దశాబ్దాలుగా జెర్మినల్ సెంటర్‌దే పెద్దపీట. ఎందుకంటే టీకాకు కావలసింది వచ్చే సారి. అది సరే. కానీ ఆ దృష్టితోనే ఇన్‌ఫెక్షన్‌ను కూడా చూసి, తొలి స్పందనను "నాణ్యత లేని ముసాయిదా" అని తీసిపారేయడం నాకు నచ్చదు. హీమాగ్లుటినిన్‌కు పుట్టుకతోనే బాగా అతికే బి కణాలు ఈ బయటి దారిలోకి వెళ్లడం ఎలుకల్లో కనిపించింది. ఏ మార్పూ లేకుండానే వైరస్‌ను ఆపగలిగే యాంటీబాడీలు అందులో ఉన్నాయి.

దీనికి గట్టి ఎదురువాదన ఒకటుంది: ఫ్లూ సోకిన కణాలను చంపేది సీడీ8 టి కణాలు కదా, బి కణాల గొప్పేముంది? నిజమే. బి కణాలే లేని ఎలుకలు తక్కువ మోతాదు, బలహీనమైన స్ట్రెయిన్ అయితే బతికి బయటపడతాయి. మోతాదో, స్ట్రెయిన్ తీవ్రతో పెంచితే మామూలు ఎలుకల కన్నా ఎక్కువ చస్తాయి. టి కణం ఇప్పటికే సోకిన కణాన్ని తీసేస్తుంది. యాంటీబాడీ తర్వాతి కణానికి సోకకుండా ఆపుతుంది. వైరస్ పెరిగే వేగం ఎక్కువైనప్పుడు రెండోది లేకుండా మొదటిది నెగ్గలేదు.

ఈ కథలో వైరస్ వైపు నుంచి ఒక దెబ్బ కూడా ఉంది. దీన్ని 2013లో ఎలుకల్లో కనిపెట్టారు. ఊపిరితిత్తిలో ఉన్న బి కణం మీది గ్రాహకం హీమాగ్లుటినిన్‌కు సరిగ్గా అతికేదైతే, ఆ గ్రాహకం పట్టుకున్న బతికున్న వైరస్ దానితోపాటే కణం లోపలికి వెళ్లి అదే కణానికి సోకుతుంది. ఆ కణం యాంటీబాడీ వదలడం మాని చచ్చిపోతుంది. వైరస్‌ను అందరికన్నా బాగా గుర్తుపట్టిన కణమే ముందు బలి. గ్రంథిలోకి చేరే వైరస్ చాలావరకు ముక్కలుగానో, మరో కణం మోసుకొచ్చిన సరుకుగానో చేరుతుంది కాబట్టి, పని యుద్ధం జరిగే చోట కాక దూరంగా గ్రంథిలో జరగడం వల్ల మేలేనని నా ఊహ.

పెద్దవాళ్ల సంగతి వేరు

పైన చెప్పింది మొదటిసారి ఫ్లూ చూసిన ఎలుక లెక్క. మనలో బడికి పోయే వయసు దాటినవాళ్లందరికీ దాదాపుగా ఏదో ఒక ఫ్లూ సోకే ఉంటుంది. అప్పటి జ్ఞాపక బి కణాలు ఒంట్లో ఉంటాయి. కొత్త ఫ్లూ వచ్చినప్పుడు మొదట కదిలేది అవే. టీకా వేసిన పెద్దవాళ్ల రక్తంలో ఏడో రోజున ప్లాస్మాబ్లాస్టులు ఉప్పెనలా కనిపిస్తాయి, రెండు వారాలకు దాదాపు మాయమవుతాయి. 2008లో ఆ ఏడో రోజు కణాల నుంచే మనిషి యాంటీబాడీలను వేగంగా తయారుచేసే పద్ధతి వచ్చింది. గ్రంథిలో పుట్టి ఎముక మజ్జకో, ఊపిరితిత్తికో పోయే దారిలో రక్తంలో కనిపించే గుంపు అది. మొదటి వారంలో రక్తం ఏదైనా చూపించేది ఇక్కడే, అదీ వారం చివర్లో.

జ్ఞాపకానికి వేగముంది, మొండితనమూ ఉంది. మొదటిసారి చూసిన ఫ్లూ వైపే మొగ్గు చూపుతుంది. 1960లో అమెరికా వైరాలజిస్టు థామస్ ఫ్రాన్సిస్ దీనికి "తొలి యాంటీజెన్ పాపం" అని పేరు పెట్టారు. 2009 మేలో మన దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే తేలింది. ఆ వైరస్ హీమాగ్లుటినిన్ తల మనుషులకు కొత్తది. అప్పుడు సోకినవాళ్ల తొలి ప్లాస్మాబ్లాస్టుల్లో చాలా యాంటీబాడీలు తలను వదిలి, అంతగా మారని కాండాన్ని పట్టుకున్నవే. పాత జ్ఞాపకంలో పనికొచ్చేది అదే మరి. 1957కు ముందు పుట్టిన పెద్దలు ఆ ఏడాది యువకుల కన్నా తక్కువ సంఖ్యలో జబ్బుపడటానికి కారణమూ ఇలాంటిదే. వాళ్లు చిన్నప్పుడు దాని దూరపు చుట్టాన్ని చూసి ఉన్నారు.

ఫ్లూకు "ఐజీఎం పాజిటివ్" అనే మాటకు విలువ లేకపోవడానికి ఇది ఇంకో కారణం. పెద్దవాళ్లలో తొలి స్పందన ఐజీఎంతోనే మొదలవ్వాలని లేదు, జ్ఞాపక కణాలు నేరుగా ఐజీజీ, ఐజీఏ వదులుతాయి. డెంగీలో ఐదో రోజు తర్వాత ఐజీఎం చూడటం పనికొస్తుందని ఫ్లూకూ అదే సూత్రం అంటగట్టకూడదు.

కొలిచేటప్పుడు చెడేది ఎక్కడ

కాకతీయ యూనివర్సిటీలోనో, మరెక్కడో ఈ పని మొదలుపెట్టే విద్యార్థుల కోసం కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే పద్ధతుల వాక్యాల్లో ఇవి రాయరు.

ఎలుకకు వైరస్ ముక్కు ద్వారా ఇస్తారు. ఎక్కువగా వాడేది 1934లో ప్యూర్టోరికోలో వేరుచేసిన పీఆర్8 అనే ఫ్లూ స్ట్రెయిన్. మత్తులో ఉన్న ఎలుకకు 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఇస్తే ఊపిరితిత్తి దాకా పోతుంది. మత్తు లేకుండా 10 మైక్రోలీటర్లే ఇస్తే చాలావరకు ముక్కులోనే ఆగుతుంది, జబ్బు వేరు, స్పందించే గ్రంథి వేరు. మత్తు సగం సగంగా ఉంటే ఎలుక తుమ్మి సగం మోతాదు బయటికి కొడుతుంది. ఒకే గుంపులో ఒక ఎలుక బరువు నాలుగోవంతు తగ్గి, పక్కది హాయిగా తిరుగుతుంటే ముందు అనుమానించాల్సింది మోతాదు చేరిన తీరును.

గ్రంథి తీయడం అసలు గండం. ఛాతీ తెరిచాక తెల్లగా కనిపించే థైమస్‌ను గ్రంథి అనుకుని కోసుకొచ్చేవాళ్లు ఎక్కువ. కణాలను రకాలవారీగా లెక్కించే ఫ్లో సైటోమెట్రీలో బి కణాలు లేకుండా టి కణాలే నిండుగా కనిపిస్తే తీసింది థైమసే. పక్కనున్న రక్తనాళం తెగితే ఛాతీ రక్తంతో నిండి ఇక ఏదీ కనిపించదు, గ్రంథి నమూనాలో రక్తపు కణాలు కలుస్తాయి. మొదటి రెండు రోజుల గ్రంథి చాలా చిన్నది, రెండు మూడు ఎలుకలవి కలపాల్సి రావచ్చు. ఆ పని మానేసి ప్లీహాన్ని తీసుకుంటే తొలి స్పందన దాదాపు కనబడదు. "మాకేమీ రాలేదు" అనే ఫలితాల్లో కొన్నింటి వెనక కారణం ఇదే.

యాంటీబాడీ వదిలే కణాలను లెక్కించడానికి ఎలిస్పాట్ ఉంది. శుద్ధి చేసిన వైరస్‌ను ప్లేటుకు రాత్రంతా పట్టించి, ఖాళీ చోటును ప్రోటీన్‌తో నింపి, కణాలను రెండేసి రెట్లు పలచన చేస్తూ వేసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. ఆ సమయంలో ప్లేటును కదిలించారో, చుక్కలు తోకచుక్కలవుతాయి. కణాలు ఎక్కువైతే ప్లేటు గుంట అడుగంతా ఒకే రంగు. ఐజీఎం చూసేటప్పుడు ఇంకో చిక్కు: వైరస్ సోకని ఎలుక కణాలు కూడా కొన్ని చుక్కలు వేస్తాయి, ఎందుకంటే సహజ ఐజీఎం కొద్దోగొప్పో వైరస్‌కు అంటుకుంటుంది. సోకని ఎలుక పక్కన లేకపోతే మూడో రోజు లెక్కకు అర్థం లేదు.

హీమాగ్లుటినిన్‌కు రంగు కట్టి బి కణాలను వెతికే పద్ధతిలో మోసం సయాలిక్ ఆమ్లం అనే చక్కెర అణువుది. హీమాగ్లుటినిన్ పనే కణాల మీది సయాలిక్ ఆమ్లాన్ని పట్టుకోవడం, అది ప్రతి బి కణం మీదా ఉంటుంది. మామూలు హీమాగ్లుటినిన్ వాడితే ఫ్లూతో సంబంధం లేని కణాలన్నీ మెరుస్తాయి. అందుకే 98వ స్థానంలోని టైరోసిన్‌ను ఫినైల్‌అలనిన్‌గా మార్చిన ప్రోటీన్ వాడతారు. సయాలిక్ ఆమ్లాన్ని పట్టే గుణం పోతుంది, యాంటీబాడీ గుర్తుపట్టే ఆకారం దాదాపుగా ఉంటుంది.

సీరంతో (రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవం) చేసే హీమాగ్లుటినేషన్ ఇన్‌హిబిషన్ పరీక్షకూ అదే తలనొప్పి; వైరస్ ఎర్రకణాలను అతికించకుండా యాంటీబాడీ ఎంత ఆపుతుందో ఇది కొలుస్తుంది. సీరంలో ఉండే సయాలిక్ ఆమ్లపు ప్రోటీన్లు యాంటీబాడీలా నటిస్తాయి. ఒక వంతు సీరానికి ఆ నటనను తీసేసే ఆర్‌డీఈ ఎంజైమ్ మూడు వంతులు కలిపి 37 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 గంటలు ఉంచి, 56 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి, ఉప్పునీటితో 1:10కి తేవాలి. తర్వాత రెండేసి రెట్ల పలచన, ప్రతి గుంటలో 4 యూనిట్ల వైరస్, ఆపైన కోడి లేదా టర్కీ ఎర్రకణాలు అర శాతం. అరగంటకు ప్లేటు వాల్చి చూడాలి. ఎర్రకణాలు కన్నీటి ధారలా జారితే యాంటీబాడీ వైరస్‌ను ఆపినట్టు. వైరస్ యూనిట్లను అదే రోజు మళ్లీ కొలవకపోతే 4 అనుకున్నది 8 అయి టైటర్ (యాంటీబాడీ ఇంకా పనిచేసే ఆఖరి పలచన) సగానికి పడుతుంది.

ఈ పరీక్షతో జబ్బు నిర్ధారించాలంటే రెండు నమూనాలు కావాలి: మొదటి వారంలో ఒకటి, రెండు మూడు వారాల తర్వాత ఇంకొకటి. టైటర్ నాలుగు రెట్లు పెరిగితేనే లెక్క. ఒక్క నమూనాలో 1:80 వస్తే అది పోయినేడు ఫ్లూదో, టీకాదో చెప్పలేం. జరంతో వచ్చిన మనిషికి మూడు వారాల తర్వాత తేలే జవాబు చికిత్సకు ఎందుకూ కొరగాదు. సర్వేలకు, టీకా అధ్యయనాలకే ఇది.

ఏడో రోజు ప్లాస్మాబ్లాస్టులు చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. ఆ కణాలు మహా నాజూకువి, గడ్డకట్టించి దాచితే చాలావరకు చస్తాయి. రక్తం తీసిన కొన్ని గంటల్లోనే వేరుచేసి ప్లేటులో వేయాలి. వరంగల్‌లో సాయంత్రం తీసి, 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు రాత్రి బస్సులో ఐస్ డబ్బాలో పంపి, మర్నాడు మధ్యాహ్నం మొదలుపెడితే వచ్చే సున్నాను నమ్మొద్దు.

కోళ్ల ఫారాల వాళ్లకు తెలిసిన విషయం

బి కణాల సంగతి ఉత్తర తెలంగాణలో అందరికన్నా బాగా తెలిసింది కోళ్ల రైతులకేనంటాను. పేరు వాడరంతే. కోడిలో బి కణాలు పెరిగేది తోక దగ్గరి బర్సా అనే సంచిలో. బర్సా తీసేసిన కోళ్లు యాంటీబాడీ తయారుచేయలేవని 1956లో అమెరికాలో తేలడంతోనే ఈ శాస్త్రం మొదలైంది. గంబోరో వైరస్ ఆ బర్సాలోని బి కణాలనే తింటుంది. మూడు వారాల లోపు పిల్లలకు సోకితే పైకి పెద్దగా ఏమీ కనిపించదు. తర్వాత కొక్కెర తెగులు టీకా వేసినా పట్టదు, ప్రతి జబ్బూ అంటుకుంటుంది. మందు మంచిదే, పట్టే కణమే లేదు. గంబోరో టీకా మరీ ముందు వేస్తే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీ దాన్నే చంపేస్తుంది, ఆలస్యమైతే జబ్బు ముందే వస్తుంది. అందుకే రోజులు లెక్కపెట్టుకుని వేస్తారు. పిల్లకు ఎన్నో రోజు టీకా అని అంత పట్టింపుగా చూసే మనుషులు, సొంతానికి వచ్చేసరికి జరం పట్టాక ఫ్లూ టీకా అడుగుతారు.

జరం తొందరగా దిగాలని కొన్ని చోట్ల వేసే స్టెరాయిడ్ సూదిని కూడా ఇక్కడే ప్రస్తావించాలి. ఒళ్లు నొప్పులు, జరం గంటల్లో తగ్గుతాయి, మనిషి లేచి కూర్చుంటాడు, డాక్టరుకు పేరొస్తుంది. స్టెరాయిడ్ అణిచేది ఇంటర్‌ఫెరాన్‌తో మొదలైన ఆ మేలుకొలుపునే. స్టెరాయిడ్ తీసుకున్న ఫ్లూ రోగుల్లో వైరస్ ఎక్కువ రోజులు నిలుస్తుందని, తీవ్ర రోగుల్లో మరణాలు ఎక్కువని చాలా పరిశీలనల్లో కనిపించింది. ఆస్తమా లాంటి వేరే అవసరం ఉంటే అది వేరే లెక్క. వట్టి ఫ్లూ జరానికి స్టెరాయిడ్ వద్దు. యాంటీబయాటిక్‌కు వైరస్ మీద ఏ పనీ లేదు. ఐదో రోజుకు జరం దిగితే ఆ పేరు గోలీకి పోతుంది, ఛాతీ గ్రంథిలో జరిగిన పని లెక్కలోకి రాదు.

మరి ఫ్లూ అనుమానం ఉంటే ఏం రాయాలి? రక్తం కాదు, ముక్కు వెనక గొంతు దాకా తీసిన స్వాబ్. లక్షణాలు మొదలైన మూడు నాలుగు రోజుల్లోపు తీసి, వైరల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో పెట్టి, 2 నుంచి 8 డిగ్రీల చలిలో 72 గంటల్లోపు ల్యాబుకు చేరాలి. ఆర్‌టీపీసీఆర్ నమ్మదగింది. పది నిమిషాల యాంటీజెన్ కిట్ పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్ వస్తే నమ్మలేం, ఎందుకంటే దాని సున్నితత్వం 50 నుంచి 70 శాతమే. గర్భిణులు, 65 దాటినవాళ్లు, చిన్నపిల్లలు, షుగరు, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఫలితం కోసం ఆగకుండా 48 గంటల్లోపు ఒసెల్టామివిర్ అనే ఫ్లూ వైరస్ మందు మొదలైతే లాభం ఎక్కువ. పెద్దవాళ్లకు 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు, డాక్టరు చీటీ మీదనే. ఊపిరి ఆడకపోవడం, పెదాలు నీలబడటం, మగత, దిగిన జరం రెండు రోజులకు తిరిగి రావడం కనిపిస్తే ఇంట్లో ఉంచకుండా వరంగల్ ఎంజీఎంకో, దగ్గర్లోని పెద్ద దవాఖానకో తీసుకుపోవాలి.

టీకాకు గ్రంథి లెక్కే వర్తిస్తుంది. భుజానికి వేసిన సూది మందు చంకలోని గ్రంథులకు పోతుంది. 2020లో వాలంటీర్ల చంక గ్రంథిలోంచి సన్నటి సూదితో కణాలు తీసి చూస్తే, టీకా తర్వాత జెర్మినల్ సెంటర్లు కొందరిలో తొమ్మిది వారాలదాకా నడిచాయి. మంచిదే. కానీ ఊపిరితిత్తి లోపలే స్థిరపడే జ్ఞాపక బి కణాలు ఊపిరితిత్తిలోనే వైరస్ ముక్క కనిపిస్తే తప్ప ఏర్పడవని ఎలుకల్లో తేలింది. భుజం టీకా తీవ్ర జబ్బును బాగా తగ్గించి, సోకడాన్ని అంతగా ఆపలేకపోవడానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం. "టీకా వేసుకున్నా సర్ది వచ్చింది" అనే ఫిర్యాదు నిజమే కావచ్చు, దాన్నిబట్టి టీకా వేస్ట్ అనడం మాత్రం తప్పు లెక్క.

రక్షణకు సుమారు రెండు వారాలు పడుతుంది. మన దగ్గర ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఎక్కువవుతుంది: జూలై నుంచి సెప్టెంబరు వానల్లో ఒకటి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకొకటి. కాబట్టి ఏడాదికి ఒక్కసారే వేయించుకునేవాళ్లకు మే నెలాఖరు, జూన్ మొదటి వారం సరైన సమయం. అమెరికా వీడియోలు చూసి అక్టోబరు దాకా ఆగితే పెద్ద శిఖరం దాటిపోయినట్టే. ఆర్నెల్లలో యాంటీబాడీ కొంత తగ్గుతుంది. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో, అంటే రెండో శిఖరంలోనే పడుతుంది. జంపన్నవాగు దగ్గర లక్షల మంది ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా ఉంటారు. ముసలివాళ్లను తీసుకుపోవాలనుకునే ఇళ్లలో, ఆ ఏడు టీకా ఇంకా పడకపోతే, బండి మాట్లాడుకునే నెలలోనే వేయించాలి. బయలుదేరే వారంలో వేసిన సూది తిరిగొచ్చాక గానీ పనిచేయదు. ఆర్నెల్లు దాటి తొమ్మిదేళ్ల లోపున్న పిల్లలకు మొదటి ఏడాది రెండు డోసులు, కనీసం నాలుగు వారాల తేడాతో. ఎందుకంటే వాళ్ల గ్రంథుల్లో కదలడానికి పాత జ్ఞాపకం లేదు, మొదటి డోసు దాన్ని తయారుచేయడానికే సరిపోతుంది.